మూడు ఆకారాల సర్క్యులర్

ఆ పరిశోధన సంస్థలో గేదెల వరహాలమ్మ ఎనభై తొమ్మిది రోజులు ఉంటుంది, తొంభయ్యో రోజున ఉండదు. తొంభై ఒకటో రోజున మళ్ళీ ఉంటుంది. పద్నాలుగేళ్లుగా ఇదే వరస. ఏకబిగిన తొంభై రోజులు పనిచేసిన మనిషి శాశ్వత ఉద్యోగం అడిగే ప్రమాదం ఉందని వెనకటికెవరో పెద్దలు కనిపెట్టారు. అందుకని ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం ఆమెను తీసేసి, మర్నాడంతా గేటు బయట ఉంచి, ఆ మర్నాడు ఎవరో కొత్త మనిషిని తీసుకున్నట్టు మళ్ళీ ఆమెనే తీసుకుంటారు. ఇప్పటికి యాభై ఆరు సార్లు ఆమె అక్కడ కొత్తగా చేరింది. చేరిన ప్రతిసారీ ఫారంలో 'పూర్వానుభవం' అన్నచోట 'లేదు' అని రాయిస్తారు.

అనుభవం లేని ఈ మనిషి చేసే పని రేకులు సాగదీయడం. పల్లేడియం అనే లోహపు ముక్కను రెండు ఉక్కు పలకల మధ్య పెట్టి, రోలర్ల మిషన్లో వందల సార్లు నడిపించి, తలవెంట్రుక మందంలో వందో వంతుకు దించాలి. గట్టిగా ఊపిరి వదిలితే లేచిపోయే రేకు అది. ఎక్కడ ఆపాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. రోలరు చప్పుడు మారుతుంది, అప్పుడు ఆపాలి. సంస్థలో డాక్టరేట్లు ఉన్నవాళ్లు నలభై మంది ఉన్నారు గానీ, ఆ చప్పుడు వినబడేది వరహాలమ్మ ఒక్కదానికే. ఆమె లేని తొంభయ్యో రోజున మిషన్ మీద గుడ్డ కప్పి ఉంటుంది, శాస్త్రవేత్తలు టీలు తాగుతూ ఉంటారు.

ఆమె సాగదీసిన రేకు మీదే డాక్టర్ విశ్వపతి తన ప్రయోగం చేశాడు. విశ్వపతి మంచివాడు. మంచివాళ్లందరిలాగే ఎవరికీ ఏ పనీ చేసిపెట్టలేడు, కానీ అడుగుతూ ఉంటాడు. ఆ రేకును క్రిప్టాన్ కణాలు పరుగున వచ్చి ఢీకొడితే ఓ అరుదైన రకం సీసం పుడుతుందనీ, అది ఐదారు సెకన్లకు మించి బతకడం కష్టమనీ, బతికిన ఆ కాస్త సేపట్లోనే దాని కేంద్రకం మూడు ఆకారాల్లో కనిపిస్తుందనీ ఆయన సెమినార్లో వివరించాడు. ఒకటి లడ్డూలా గుండ్రంగా, ఒకటి వడలా చదునుగా, మరొకటి దొండకాయలా పొడుగ్గా.

ముందు వరసలో కూర్చున్న డైరెక్టర్ ప్రభంజనరావు గారు అప్పటిదాకా కళ్లు మూసుకుని వింటున్నారు. ఆయన ప్రయోగశాలలో చివరిసారి అడుగుపెట్టి ఇరవయ్యేళ్లు దాటింది. దొండకాయ దగ్గర కళ్లు తెరిచారు.

"ఈ మూడు ఆకారాలకూ శక్తి విడివిడిగా మంజూరు చేయవలసి ఉంటుందా?"

"అక్కర్లేదండీ. అదే ఇందులో విశేషం. మూడూ ఇంచుమించు ఒకే శక్తి దగ్గర ఉంటాయి."

"అంటే ఒకే కేంద్రకం, అదనపు మంజూరు లేకుండా, మూడు విధాలుగా..."

"సుమారుగా అంతేనండి."

"సోమయాజులు గారూ, రాసుకోండి," అన్నారు డైరెక్టర్ గారు. పరిపాలనాధికారి సోమయాజులు గారు రాసుకున్నారు. ఆయన రాసుకున్నదేదీ ఇంతవరకు ఎవరికీ మేలు చెయ్యలేదు.

ఆ సంబరంలో ఉండగానే అడిగేస్తే మంచిదని విశ్వపతి ధైర్యం చేశాడు. సాంకేతిక సహాయకుల పోస్టు ఒకటి శాశ్వతంగా మంజూరై ఏడాదిగా ఖాళీగా ఉంది. వరహాలమ్మకు నలభై నాలుగో ఏడు నడుస్తోంది. నలభై అయిదు దాటితే నియమాల ప్రకారం ఇంక ఆ తలుపు మూసుకున్నట్టే. "ఈ ఫలితం సగం ఆవిడదేనండీ," అన్నాడు. "తప్పక పరిశీలిద్దాం," అన్నారు డైరెక్టర్ గారు. ఆయన చూపు మాత్రం తెరమీది దొండకాయ మీదే ఉంది.

విశ్వపతి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు వరహాలమ్మ రోలరు తుడుస్తోంది.

"పరిశీలిద్దాం అన్నారా? యాభై ఆరు సార్లు సేరాను సార్, ఆ మాట కూడా యాభై ఆరు సార్లు ఇన్నాను," అంది. తుడిచిన గుడ్డ దులిపి, "నాకు పెద్ద ఆశలేటీ లేవండి. ఒక్క తొంభయ్యో రోజున ఈ మిషన్ కాడ కూకోవాలి. అంతే," అంది.

సోమవారం సర్క్యులర్ వచ్చింది.

'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఈ సంస్థలోని కేంద్రకములు అదనపు శక్తిని కోరకుండానే మూడేసి ఆకారములలో విధులు నిర్వర్తించుచున్నవని శాస్త్రీయముగా రుజువైనందున, అట్టి కేంద్రకములతోనే నిర్మితులైన సిబ్బంది ఒకే ఆకారములో కొనసాగుట సమంజసము కాదని భావించడమైనది. కావున ఆకార సహజీవన విధానము తక్షణము అమలులోనికి వచ్చును. ప్రతి ఉద్యోగియు ప్రస్తుత వేతనముపైననే మూడు ఆకారములలో పనిచేయవలెను.'

'సహజీవనం' అన్న పేరు చూసి క్యాంటీన్లో కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు. కిందిదాకా చదివాక ఆ నవ్వు పోయింది.

వారం తిరిగేసరికి జీపు డ్రైవరు సింహాద్రి మధ్యాహ్నపు ఆకారంలో గ్రంథాలయాధికారి అయ్యాడు. చదువుకునేవాళ్లు పుస్తకం అడిగితే "ఎక్కడిదాకా?" అని అడిగేవాడు. తోటమాలి చదును ఆకారంలో నిఘా విభాగం చూసుకున్నాడు. గేటు కాపలా గవరయ్య లోపలికి వచ్చేటప్పుడు కాపలాదారు, లోపలికి వచ్చాక దస్తావేజుల గుమాస్తా. రోజూ ఉదయం తన సంచీ తానే తనిఖీ చేసుకుని, 'అభ్యంతరకరమైనవి ఏవీ లేవు' అని సంతకం పెట్టుకుని, తనను తాను లోపలికి వదిలేవాడు. ఒకనాడు సంచీలో చుట్టల కట్ట దొరికితే తననే మందలించాల్సి వచ్చింది.

హాస్టలు భవనం సంగతి ఇంకా బాగుంది. నాలుగేళ్లుగా పైకప్పు లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, దానికి వార్డెను మాత్రం ఎప్పుడో వచ్చి ఉన్నాడు. ఆ భవనం అసంపూర్తి ఆకారంతో పాటు సంపూర్ణ ఆకారంలో కూడా సహజీవనం చేస్తున్నదని తీర్మానించి, రిబ్బను కత్తిరించి, పదిహేనుమంది విద్యార్థులను అందులో దింపారు. వాన కురిసిన రాత్రి వాళ్లు ఫిర్యాదు చేస్తే, తడిసింది అసంపూర్తి ఆకారం మాత్రమేనని జవాబు వచ్చింది.

అందరికన్నా దీక్షగా విధానాన్ని పాటించినవారు సోమయాజులు గారే. ఆయన పరిపాలనాధికారి, ఫిర్యాదుల అధికారి, అప్పీళ్ల అధికారి. గదిలో మూడు కుర్చీలు వేయించారు. మొదటి కుర్చీలో కూర్చుని ఉత్తరువు ఇచ్చేవారు. దానిమీద ఫిర్యాదు వస్తే రెండో కుర్చీలోకి మారి మొదటి కుర్చీని సంజాయిషీ అడిగేవారు. జవాబు రాలేదని గుర్తు చేస్తూ జ్ఞాపిక పంపేవారు. మూడో జ్ఞాపికకీ జవాబు రాకపోయేసరికి, పరిపాలనాధికారి అలసత్వం సహించరానిదంటూ తన పేరిట మెమో జారీ చేశారు. ఆ మెమో అన్యాయమని మొదటి కుర్చీవారు అప్పీలు చేసుకోగా, మూడో కుర్చీవారు విచారణకు స్వీకరించి, ఇరుపక్షాలూ స్వయంగా హాజరు కావాలని తేదీ వేశారు. ఆ తేదీన ఆయనకు జ్వరం. ఇరుపక్షాలూ గైర్హాజరు. విచారణ వాయిదా పడింది.

ఇలా ఉండగా ఒక శుక్రవారం మధ్యాహ్నం వరహాలమ్మకు ఉత్తరువు వచ్చింది. 'శ్రీమతి గేదెల వరహాలమ్మను సాంకేతిక సహాయకురాలి పోస్టులో శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది.' సంతకం, ముద్ర, తేదీ అన్నీ ఉన్నాయి. ఆమె ఆ కాయితాన్ని రెండుసార్లు చదివి, కళ్లకద్దుకుని, గేటు దాకా పరుగులాంటి నడకతో వెళ్లి లడ్డూలు తెప్పించింది. అందరికీ పంచింది. ఆ మధ్యాహ్నం ఆమె ఎంత సంతోషపడిందో చెప్పడానికి మాటలు చాలవు. విశ్వపతి చేతిలో రెండు లడ్డూలు పెట్టి, "మీరడిగారు కాబట్టి అయింది సార్," అంది. ఆయన నమ్మేశాడు.

చివరి లడ్డూ గవరయ్యకిచ్చింది. అతను అప్పుడు దస్తావేజుల ఆకారంలో ఉన్నాడు గనక కాయితం తీసుకుని తిరగేశాడు.

"ఎనకాతల కూడా ఏదో ఉందమ్మా."

వెనక ఉంది. 'పై శాశ్వత ఆకారముతో పాటు వీరి తాత్కాలిక ఆకారము కూడా యథాతథముగా సహజీవనము చేయుచుండును. విధులు, క్రమశిక్షణ, బదిలీల విషయమున వీరిని శాశ్వత ఆకారముగను, సెలవులు, వైద్యము, పింఛను విషయమున తాత్కాలిక ఆకారముగను పరిగణించవలెను. మూడవ ఆకారము ప్రస్తుతము ఖాళీ. అవసరమును బట్టి నింపబడును.'

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ కలిసి కాయితానికి చెరో వైపున రాశారు. వరహాలమ్మ తిన్నగా మూడు కుర్చీల గదికి వెళ్లింది.

"నాకొక్కటే సెప్పండి బాబూ. తొంభయ్యో రోజున నాను రావాలా, రాకూడదా?"

సోమయాజులు గారు మొదటి కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. "ప్రశ్న సమంజసమైనది. శాశ్వత ఆకారము విధిగా హాజరు కావలెను. రానియెడల అనధికార గైర్హాజరు. తాత్కాలిక ఆకారము ఆ దినమున ఆవరణలో ఎట్టి పరిస్థితులలోనూ కనబడరాదు. కనబడినచో చొరబాటు."

"ఉన్నది ఒక్క మనిషినండి."

"అది మీ వ్యక్తిగత విషయము."

"మరి నాను ఏటి సెయ్యాలండి?"

"ఫిర్యాదు చేసుకొనవచ్చును," అని సోమయాజులు గారు లేచి రెండో కుర్చీలోకి మారబోయారు. ఆమె అక్కర్లేదని చెప్పి వచ్చేసింది.

తిరిగి వస్తూ విశ్వపతి గదిలో ఆగింది. ముఖం చూసి ఆయనే కాయితం అందుకుని వెనకవైపు చదివాడు. ఆయనకు సిగ్గేసింది. ఎవరో తప్పు చేస్తే సిగ్గుపడే అలవాటు ఆయనకు పుట్టుకతో వచ్చింది.

"సార్, ఆ సీసం సంగతి సెప్పండి. అది దొండకాయలాగుండాలని ఎవరు ఆర్డరేత్తారు?"

"ఎవరూ వెయ్యరమ్మా. లోపలున్న కణాలు ఎలా సర్దుకుంటే అలా ఉంటుంది. అది దాని స్వభావం."

"ఎవరూ ఎయ్యరు కదా," అంది వరహాలమ్మ. ఆ మాట తనలో తను మరోసారి అనుకుని ఇంటికెళ్లిపోయింది.

ఆకార సహజీవన విధానం కీర్తి పైదాకా పాకింది. దాన్ని దేశంలోని మిగతా సంస్థలకు కూడా వర్తింపజేయవచ్చునేమో చూడడానికి నిపుణుల సంఘం ఒకటి బయల్దేరింది. వాళ్లెదుట ప్రయోగం చేసి చూపించాలి. సీసం మూడు ఆకారాలూ తెరమీద కనిపించాలి. సంఘం వచ్చే తేదీని మూడు కుర్చీలూ కలిసి నిర్ణయించాయి. అది వరహాలమ్మ లెక్కలో తొంభయ్యో రోజు. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఎప్పుడూ తట్టదు.

ఆ ఉదయం ఆమె మామూలు వేళకే గేటు దగ్గరికి వచ్చింది. గవరయ్య బిత్తరపోయాడు.

"అమ్మా, ఇయాళ నిన్ను ఒగ్గాలా, ఆపాలా?"

"శాశ్వతాన్ని ఒగ్గు. పుస్తకంలో రాయి."

రాశాడు. ఆమె వెళ్లి మిషన్ దగ్గర స్టూలు మీద కూర్చుంది. కూర్చుని రెండు చేతులూ పైట కింద దాచుకుంది. పద్నాలుగేళ్లుగా కోరుకున్న రోజునే అక్కడ కూర్చుంది గానీ, మనసులో సంతోషం బదులు మంట ఉంది.

పదకొండు గంటలకు సంఘం అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు తెర ముందు ఆసీనులయ్యారు. క్రిప్టాన్ కిరణం వదిలిన పది నిమిషాలకే, ముందెప్పుడో చేసి ఉంచిన పాత రేకు వేడికి చిరిగిపోయింది. కొత్తది సాగదీయాలి. విశ్వపతి పరుగెత్తుకొచ్చాడు. వెనకే డైరెక్టర్ గారు, ఆయన వెనక సోమయాజులు గారు.

"వరహాలమ్మా, రేకు!"

"సెయ్యలేనండి. సేతులు రాలేదు."

"ఏమిటీ?" అన్నారు డైరెక్టర్ గారు.

ఆమె లేచి నిలబడింది. చేతులు మాత్రం పైట కిందే ఉన్నాయి. "నాను శాశ్వతమండి. అంచేత వచ్చాను. పద్నాలుగేళ్ల నుంచి ఇక్కడ తాత్కాలికంగా పనిసేసినయి ఈ సేతులే. అంచేత అయి తాత్కాలిక ఆకారం. ఇయాళ అయి ఆవరణలో కనబడితే చొరబాటని సోమయాజులు బాబే సెప్పారు. అందుకే కనబడకుండా దాసుకున్నాను."

డైరెక్టర్ గారు సోమయాజులు గారి వంక చూశారు. సోమయాజులు గారు నియమాల పుస్తకం తిరగేసి, తల పైకెత్తి, తొలిసారిగా తన పాండిత్యం తనకే ఎదురు తిరిగిన మనిషిలా మెల్లిగా అన్నారు: "వీరి వాదన నిబంధనలకు లోబడియే ఉన్నది."

"అయితే ఇంకెవరికి వస్తుంది ఈ పని?"

"సర్క్యులర్ అనుబంధము ప్రకారము, ఆకారము ఖాళీ అయినచోట పరిపాలనాధికారి తాత్కాలికముగా ఆ ఆకారమును ధరించవలెను," అన్నారు సోమయాజులు గారు. అన్నాక గాని ఆ పరిపాలనాధికారి తానేనని గుర్తు రాలేదు.

కోటు విప్పి ఆయన స్టూలు మీద కూర్చున్నారు. పల్లేడియం ముక్కను పలకల మధ్య పెట్టి రోలరు తిప్పారు. వందల సార్లు తిప్పాక చప్పుడు మారింది. వరహాలమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి, 'ఆపండి' అన్న మాట నోటిదాకా వచ్చింది. నోరు తాత్కాలికమో శాశ్వతమో ఇంకా తేలలేదు గనక ఊరుకుంది. సోమయాజులు గారు ఇంకో పదిసార్లు తిప్పారు. రేకు మధ్యలో పెసరగింజంత కన్నం పడింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లు కన్నానికి జంకరు. "రేకు ఒక ఆకారములో చిరిగినది. మరియొక ఆకారములో చిరగలేదు," అని ఆయన కాయితం మీద రాసి సంతకం చేశారు. డైరెక్టర్ గారు దానిమీద 'ఆమోదించడమైనది' అని రాశారు. రేకును యంత్రంలో బిగించి కిరణం వదిలారు. కిరణం కన్నంలోంచి సాఫీగా అవతలికి పోయింది. తెర మీద సున్నా. మళ్ళీ వదిలారు. మళ్ళీ సున్నా. సర్క్యులర్ నకలు క్రిప్టాన్‌కు అందలేదు.

సంఘం అధ్యక్షుడు గడియారం చూసుకుని, ఆరు గంటలకు తమకు విమానం ఉందని గుర్తు చేశాడు. సభ్యుల్లో ఒకాయన, సీసం ఇంకా కుర్చీ మారలేదా అని అడిగాడు. అది వేళాకోళమో విచారణో తెలియక డైరెక్టర్ గారికి చెమటలు పట్టాయి. గబగబా మిషన్ గదికి వచ్చారు.

"ఏం కావాలమ్మా మీకు? సూటిగా చెప్పండి."

"ఒక్క ఆకారం," అంది వరహాలమ్మ. అంతసేపు నిబ్బరంగా ఉన్న మనిషికి అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను మూడుగా సెయ్యొద్దండి. యాభై ఆరు సార్లు ఇక్కడ కొత్త మనిషినయ్యాను. ఇంక నా వల్ల కాదు. ఉంచితే ఒక మనిషిగా ఉంచండి, లేదంటే ఇప్పుడే పొమ్మనండి, పోతాను."

విశ్వపతి ముందుకొచ్చాడు. "ఆవిడ పోతే నా ప్రయోగం కూడా పోయినట్టేనండి," అన్నాడు. ఆయన సంస్థలో చేరాక, బతిమాలి అడగడం కాకుండా తేల్చి చెప్పిన మాట అదొక్కటే.

డైరెక్టర్ గారు అక్కడికక్కడే తన పేరు అచ్చువేసి ఉన్న కాయితం తీసి, స్వదస్తూరీతో రాశారు. 'శ్రీమతి గేదెల వరహాలమ్మ ఈ సంస్థలో శాశ్వత ఉద్యోగిని. వీరికి వేరొక ఆకారము లేదు.' సంతకం చేశారు. ఆమె ఆ కాయితం అందుకోవడానికి చెయ్యి బయటికి తియ్యలేదు. "సోమయాజులు బాబు కూడా సంతకం సెయ్యాలండి," అంది. ఆయన మూడు సంతకాలు చేశారు.

అప్పుడు చేతులు బయటికి తీసింది. కాయితం చదివింది. తిప్పి వెనక్కి చూసింది. ఏమీ లేదు. "ఈ ఖాళీ మీద అడ్డంగా ఒక గీత కొట్టండి బాబూ," అంది. డైరెక్టర్ గారు ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టారు.

నాలుగు గంటలకు రేకు తయారైంది. నాలుగుంబావుకు సీసం పుట్టింది. తెరమీద మూడు చోట్ల గీతలు లేచాయి, గుండ్రం, చదును, పొడుగు. ఎవరూ ఆజ్ఞాపించకుండానే వచ్చిన ఆ మూడింటినీ చూసి సంఘం చప్పట్లు కొట్టి, విమానానికి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే సంఘం నివేదిక వచ్చింది. ఆకార సహజీవన విధానం ఆదర్శప్రాయమనీ, అన్ని సంస్థలూ అనుసరించదగినదనీ నలభై పేజీలు మెచ్చుకుని, ఆఖరి పేజీలో ఇలా రాశారు: 'సంస్థలో సంఘము గమనించిన లోపము ఒకే ఒక్కటి. రేకుల విభాగములో ఒక ఉద్యోగిని ఒకే ఆకారములో పనిచేయుచున్నారు. ఇట్టి పరిస్థితి ఎట్లు తలెత్తినదో డైరెక్టరు వివరణ ఇవ్వవలెను.'

డైరెక్టర్ గారు ఆ లోపాన్ని సవరించాలనే చూశారు. ఉత్తరువును రద్దు చేసే అధికారం అప్పీళ్ల అధికారికి ఉంది. ఆయనేమో మొదటి రెండు కుర్చీల తగాదా తేలేదాకా కొత్త కేసులు స్వీకరించనన్నారు. ఆ తగాదా ఇంకా తేలలేదు.

వరహాలమ్మ ఆ ఆఖరి పేజీ నకలు ఒకటి గవరయ్య చేత తెప్పించుకుని, రోలర్ల మిషన్‌కు ఎదురుగా గోడకు అంటించింది. మొన్న వేరే ఊరి నుంచి ఒక శాస్త్రవేత్త రేకు కోసం వచ్చి, నిలబడి అది చదివి, ఇంత పెద్ద సంస్థలో ఉన్న ఆ ఒక్క లోపం ఎవరని అడిగింది.

"నానేనండి," అని చెప్పి వరహాలమ్మ రోలరు తిప్పింది.